పద్దు రాసిన చెయ్యి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా, దారం కట్టి దించినట్టు ఉంటాయి. ఏడు అంకెకి మధ్యలో చిన్న అడ్డగీత పెట్టడం ఆయనకి అలవాటు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ అడ్డగీతే ఆయన్ని పట్టించింది.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టుకి సేల్స్ టాక్స్ వాళ్ళు వచ్చారు. కొట్లో రెండు చిట్టాలు ఉండేవి. ఒకటి ఆఫీసర్లకి చూపించేది. రెండోది బిల్లు లేకుండా తెల్లకాగితాల మీద అమ్మిన సరుకుది, దాన్నే మనవాళ్ళు జీరో వ్యాపారం అంటారు. రెండోదాన్ని గోతాల గదిలో వెనకాల పెట్టేవాళ్ళు. ఆ రోజు అది దొరికిపోయింది. కొట్టు యజమాని దాన్ని చూస్తూనే "ఇది నాకు తెలీదండీ, గుమాస్తా ఏదో సొంతానికి రాసుకున్నట్టున్నాడు" అన్నాడు. ఆఫీసరు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఏడుకున్న అడ్డగీత చూపించి, "రెండూ నీ రాతేగా, చెప్పు" అంటూ రాత్రి పదకొండింటి దాకా నాన్నని కూర్చోబెట్టాడు. యజమాని మధ్యలో ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాడు. చివరికి ఏదో పెనాల్టీ కట్టి బయటపడ్డారు, నాన్న ఉద్యోగమూ పోలేదు. కానీ ఆ తర్వాత చాలా నెలలు, వీధిలో జీపు చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచి లేచి నిలబడేవాడు.

పన్ను అధికారి హీరోగా, మాఫియా విలన్‌గా ఉండే థ్రిల్లర్లు నాకు చాలా ఇష్టం, ఏ భాషలో వచ్చినా వదలను. అయినా చూసిన ప్రతిసారీ ఒకటే అసంతృప్తి. ఆఫీసరు గోడ పగలగొట్టిస్తాడు, నోట్ల కట్టలు రాలిపడతాయి, డాన్ కళ్ళెర్రజేస్తాడు, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి డైలాగులు చెప్పుకుంటారు. ఆ లెక్కలు రాసినవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. కనిపించినా కళ్ళద్దాలు పెట్టుకుని వణుకుతూ ఒక్క సీన్‌లో ఉండి పోతాడు. కానీ నిజంగా జరిగిన కేసుల్లో, ముఖ్యంగా అన్నిటికన్నా పేరుపడ్డ, షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ పన్ను కేసులో, కథంతా ఆ గుమాస్తా మీదే నడిచింది. అతని చేతిరాత లేకపోతే కేసే లేదు. కొంతకాలంగా ఆ కేసు గురించి దొరికినదల్లా చదువుతున్నాను, అందుకే ఇంత పొడుగు పోస్టు.

ముందు ఆ రోజుల సంగతి కొంచెం. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. షికాగోలో దొంగసారా, జూదం, వ్యభిచారం అన్నీ కలిపి కపోన్ ముఠా చేతిలో ఉన్నాయి. 1929 ఫిబ్రవరి 14న ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకి నిలబెట్టి కాల్చేశారు. కపోన్ ఆ సమయానికి ఫ్లోరిడాలో ఉన్నాడు. చేయించింది అతనేనని ఊరంతా అనుకుంది, కానీ ఆ హత్యలకి ఒక్కరికీ శిక్ష పడలేదు. పోలీసుల్లో, రాజకీయ నాయకుల్లో అతని డబ్బు తిన్నవాళ్ళు చాలామంది. సాక్షులు నోరు విప్పరు. అతని పేరు మీద బ్యాంకు ఖాతా లేదు, ఆస్తి లేదు. మయామీ బీచ్ దగ్గర పామ్ ఐలాండ్‌లో 1928లో కొన్న ఇల్లు కూడా భార్య పేరు మీదే ఉంది. మనకి బాగా తెలిసిన బినామీ వ్యవహారమే, దేశం వేరు అంతే.

ఈ కథలో జనానికి గుర్తుండిపోయిన పేరు ఎలియట్ నెస్. సారా బట్టీల మీద దాడులు చేసిన అధికారి. అతని మీద పుస్తకం వచ్చింది, టీవీ సీరియల్ వచ్చింది, సినిమా వచ్చింది. నెస్ బృందం కష్టపడలేదని నేననను. వాళ్ళు సేకరించిన ఆధారాలతో 1931 జూన్‌లో కపోన్ మీదా అతని మనుషుల మీదా మద్యనిషేధ చట్టం కింద 5,000 నేరాలతో అభియోగపత్రం కూడా వేశారు. అది విచారణకే రాలేదు. కపోన్‌ని జైలుకి పంపింది పన్ను కేసు. దాన్ని నడిపింది ట్రెజరీ శాఖలోని ఇంటెలిజెన్స్ యూనిట్. దాని అధిపతి ఎల్మర్ ఐరీ. షికాగోలో దగ్గరుండి పనిచేసినవాడు ఫ్రాంక్ విల్సన్, నెలల తరబడి కాగితాల గుట్టల మధ్య కూర్చున్న మనిషి. తుపాకులతో తలుపులు పగలగొట్టినవాడు ప్రపంచమంతటికీ తెలుసు. కాగితాలు చదివినవాడి పేరు ఎంతమందికి తెలుసు?

దొంగ సంపాదన మీద పన్నేమిటని మీకు అనిపించొచ్చు. అప్పట్లో చాలామందికి అలాగే అనిపించింది. 1913లో అమెరికా ఆదాయపు పన్ను చట్టం రాసినప్పుడు "చట్టబద్ధమైన వ్యాపారం" మీద వచ్చే ఆదాయం అని రాశారు. 1916లో తిరగరాసినప్పుడు ఆ "చట్టబద్ధమైన" అన్న ఒక్క మాట తీసేశారు. ఒక్క మాటే. తర్వాత సల్లివన్ అనే దొంగసారా వ్యాపారి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అతని తరఫు వాదన తెలివైనదే: నేను రిటర్ను వేస్తే నేరం చేశానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది, నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యం చెప్పాల్సిన అవసరం లేదని రాజ్యాంగం అంటోంది కదా, కాబట్టి నేను రిటర్ను వెయ్యను. 1927లో జస్టిస్ హోమ్స్ ఆ వాదన కొట్టేశాడు. ఆదాయం నేరం ద్వారా వచ్చింది కాబట్టి ఎంత వచ్చిందో అసలు చెప్పనే చెప్పను అంటే కుదరదని తేల్చాడు. ఐరీ మనుషులకి దారి దొరికింది అక్కడే.

ఇక్కడ నా వాదన మొదలవుతుంది. "హత్యలకి పట్టుకోలేక, చివరికి పన్ను అనే చిన్న సాకుతో లోపలేశారు" అని ఈ కేసు గురించి అందరూ అంటారు. ఆడిటర్‌గా చేసే నా స్నేహితుడొకడు కూడా ఇదే అంటాడు, ఇది దొడ్డిదారి అని. నేను ఒప్పుకోను. ముఠా మనుషుల్ని చంపేది ఎందుకు? వీధులు పంచుకోవడానికి. వీధులెందుకు? జూదం అడ్డాలు, సారా అమ్మకాలు. అవెందుకు? ప్రతి రాత్రీ గల్లాపెట్టెలో పడే డబ్బు కోసం. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్ళిందో తేలిస్తే నేరం మధ్యలోకి వెళ్ళినట్టే. హత్య చేసినవాడు కిరాయి మనిషి, డబ్బు తీసుకున్నవాడు యజమాని. పోలీసు కిరాయి మనిషి దగ్గర ఆగిపోతాడు. లెక్క మాత్రం యజమాని ఇంటి గుమ్మం దాకా వెళ్తుంది. అది సాకెలా అవుతుంది?

అయితే ఆ లెక్క ఎలా దొరికిందన్నది చూడాలి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. 1926 ఏప్రిల్‌లో షికాగోలో ఒక ప్రభుత్వ న్యాయవాది తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. ఆ గొడవలో పోలీసులు షికాగో పక్కనే ఉన్న సిసిరోలో కపోన్ జూదం అడ్డాల మీద దాడులు చేసి, దొరికిన పుస్తకాలు పట్టుకెళ్ళారు. ఎవరూ వాటిని తెరిచి చూడలేదు. నాలుగేళ్ళు ఒక మూల పడి ఉన్నాయి. విల్సన్ తర్వాత చెప్పుకున్న ప్రకారం, 1930లో ఒక రాత్రి పొద్దుపోయాక తన ఫైళ్ళు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ ఒక పాత బీరువా తెరిస్తే, గోధుమరంగు కాగితంలో చుట్టి దారం కట్టిన మూట దొరికింది. విప్పితే లోపల లెడ్జర్లు. జూదం ఆటల పేర్లు, రూలెట్, గుర్రప్పందాలు, ఒక్కోదానికీ ఒక్కో గడి, రోజువారీ వసూళ్ళు, పంపకాలు. ఒకచోట "అల్ కోసం ఫ్రాంక్ 17,500 డాలర్లు ఇచ్చాడు" అని పద్దు. అల్ అంటే కపోన్, ఈ ఫ్రాంక్ ముఠా మనిషి, విల్సన్ కాదు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కొట్లో గోతాల గది గుర్తొచ్చింది.

పుస్తకం దొరికితే సరిపోదు, రాసిందెవరో తెలియాలి. ఏ మంచి గుమాస్తా అయినా రెండో నంబరు పుస్తకం మీద తన పేరు రాసుకోడు. విల్సన్ మనుషులు ఆ దస్తూరీ పట్టుకుని ఊరంతా గాలించారు. బ్యాంకుల్లో డబ్బు వేసేటప్పుడు నింపిన చలాన్లు, ఓటర్ల నమోదు పత్రాలు, బెయిల్ కాగితాలు. ఒక్కొక్కటీ తీసి అక్షరం పక్కన అక్షరం, అంకె పక్కన అంకె పెట్టి చూశారు. ఎన్ని రోజులు, ఎన్ని కళ్ళు మంటలెత్తి ఉంటాయో. చివరికి ఒక బ్యాంకు కాగితం మీద రాత సరిపోయింది. పేరు లెస్లీ షమ్‌వే. సిసిరో అడ్డాలో క్యాషియర్. అప్పటికి షికాగో వదిలేసి మయామీలో కుక్కల పందేల మైదానంలో పనిచేస్తున్నాడు.

సినిమా అయితే ఇక్కడ ఆఫీసరు గొప్ప మాటలు చెప్తాడు, క్యాషియరు మనసు మారుతుంది. జరిగింది అది కాదు. విల్సన్ అతని ముందు రెండు దారులు పెట్టాడు. నువ్వు సాయం చెయ్యనంటే, నలుగురూ చూస్తుండగా పందెం మైదానంలో నీ పేరు పెట్టి గట్టిగా పిలిచి సమన్లు ఇప్పిస్తాను, నువ్వు మా కంట్లో పడ్డావని కపోన్ మనుషులకి తెలిసిపోతుంది, ఆ తర్వాత నీ సంగతి నీ ఇష్టం. సాయం చేస్తే నిన్నూ నీ కుటుంబాన్నీ కాపాడే పూచీ నాది. షమ్‌వే రెండోది ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? అతన్ని విచారణ దాకా దూరంగా ఎక్కడో దాచిపెట్టారు.

విల్సన్ అంటే నాకు గౌరవం ఉంది, కానీ ఇది మాత్రం నాకు మింగుడుపడదు. ఆ మాట అనగలిగిన బలం ఎక్కడి నుంచి వచ్చింది? కపోన్ చంపేస్తాడన్న భయం నుంచే. అంటే విల్సన్ దగ్గరున్న ఆయుధం కపోన్ తుపాకీయే. ప్రభుత్వం మనిషి హంతకుడి భయాన్ని అరువు తెచ్చుకుని ఒక చిన్న ఉద్యోగి మీద పెట్టాడు. అలా చెయ్యకపోతే కేసు నిలబడేది కాదు, ఇంకెంతమంది చచ్చేవాళ్ళో, అదీ నిజమే. రెండూ నిజమే అని ఒప్పుకుని రాసిన థ్రిల్లర్ ఒక్కటీ నాకు కనిపించలేదు. అందరూ ఆఫీసర్ని నిప్పులా చూపించాలనుకుంటారు. నాన్నని రాత్రి పదకొండింటిదాకా కూర్చోబెట్టిన ఆ ఆఫీసరు కూడా బహుశా నిజాయితీపరుడే. లంచం తీసుకోలేదు, పెనాల్టీ రాశాడు. కానీ అన్నం తినకుండా కూర్చున్నది మాత్రం మా నాన్న.

ఇంకో క్యాషియర్ ఫ్రెడ్ రీస్. జూదంలో మిగిలిన డబ్బుని బ్యాంకు చెక్కులుగా మార్చడం ఇతని పని, ఆ చెక్కులు జె.సి. డన్‌బార్ అనే మారుపేరు మీద ఉండేవి. ఇతన్ని సెయింట్ లూయిస్‌లో పట్టుకున్నారు. పురుగులంటే చచ్చేంత భయమట, బొద్దింకలు తిరిగే జైలుగదిలో పెట్టేసరికి నోరు విప్పాడని చెబుతారు. కపోన్ మనిషి గుజిక్‌కి శిక్ష పడడానికి ఇతని సాక్ష్యమే కారణం. ఆ తర్వాత ఇతన్ని ముఠా చేతికి చిక్కకుండా దక్షిణ అమెరికాకి పంపేసి, కపోన్ విచారణ సమయానికి వెనక్కి తెచ్చారు. కపోన్ పట్టుబడ్డ కథలో సరదా ముక్కగా ఈ బొద్దింకల సంగతి చెప్పుకుని నవ్వుతుంటారు. నాకు నవ్వు రాలేదు.

విల్సన్‌కి ప్రాణభయం లేదని కాదు. మైకేల్ మలోన్ అనే అధికారి మారుపేరుతో కపోన్ ముఠా ఉండే లెక్సింగ్టన్ హోటల్లో దిగి వాళ్ళలో ఒకడిగా కలిసిపోయాడు, అక్కడే కూర్చుని భోంచేసి పేకాడేవాడు. విల్సన్‌ని చంపడానికి బయటి నుంచి మనుషుల్ని తెప్పించారన్న కబురు లోపలి నుంచే వచ్చింది, విల్సన్ భార్యని తీసుకుని రాత్రికి రాత్రి హోటల్ మారాడు. నిజంగా థ్రిల్లర్ అంటే ఇది. ఇందులో ఒక్క తుపాకీ పేలలేదు.

ముఠా లోపలి సంగతులు అందించిన ఇంకొకాయన ఎడ్వర్డ్ ఒహేర్. లాయరు, కుక్కల పందేల వ్యాపారంలో కపోన్‌తో భాగస్వామి. జ్యూరీలో కూర్చోబోయేవాళ్ళ జాబితా కపోన్ మనుషుల చేతికి చేరిందని, వాళ్ళని కొనడం మొదలైందని విల్సన్‌కి చెప్పింది ఇతనే. విల్సన్ వెళ్ళి జడ్జి విల్కర్సన్‌కి చెప్పాడు. జడ్జి హడావిడి పడలేదు. 1931 అక్టోబర్ 6న విచారణ మొదలయ్యే రోజు, పక్క కోర్టులో ఇంకో జడ్జి దగ్గరున్న జ్యూరీ బృందాన్ని ఇటు తెప్పించి, తన దగ్గరున్న వాళ్ళని అటు పంపేశాడు. కపోన్ పెట్టిన ఖర్చంతా పక్కగదికి వెళ్ళిపోయింది. ఒహేర్‌ని మాత్రం 1939 నవంబర్‌లో, కపోన్ విడుదలకి వారం ముందు, కారులో వెళ్తుండగా కాల్చి చంపారు. అతని కొడుకు నౌకాదళంలో పైలట్, రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద పతకం అందుకుని, 1943లో యుద్ధంలోనే పోయాడు. షికాగో విమానాశ్రయానికి ఆ కొడుకు పేరే పెట్టారు. నేపర్‌విల్‌లోనో షాంబర్గ్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్ళే మన అమ్మానాన్నలు పచ్చళ్ళ డబ్బాలతో దిగేది ఆ ఒహేర్‌లోనే. ఈసారి దిగినప్పుడు ఆ తండ్రిని కూడా ఒకసారి తలుచుకోండి.

విచారణ ఎలా నడిచిందో చూడండి. సాక్షులు ఎవరెవరు? బట్టలు కుట్టిన దర్జీ, ఫర్నిచర్ అమ్మినవాళ్ళు, నగల షాపువాళ్ళు, హోటల్ వాళ్ళు, టెలిగ్రాఫ్ ఆఫీసులో మనీయార్డర్లు చూసే గుమాస్తాలు. వజ్రాలు పొదిగిన బెల్టు బకిల్స్ ఎన్ని కొన్నాడు, పట్టు లోదుస్తులు ఎంత పెట్టి కొన్నాడు, షికాగో నుంచి ఫ్లోరిడాకి ఎంత డబ్బు తెప్పించుకున్నాడు. ఆదాయం చూపించని మనిషి ఇంత ఖర్చు ఎలా పెట్టాడు? ఇది మన పల్లెటూళ్ళో ఏ ముసలమ్మ అయినా అడిగే ప్రశ్నే, "ఏ పనీ చెయ్యడు కదా, బుల్లెట్ బండి ఎలా కొన్నాడు?" అని. ప్రభుత్వం అదే ప్రశ్నని రసీదులతో సహా అడిగింది.

షమ్‌వే బోనెక్కి లెడ్జర్లలో ఉన్నది తన రాతేనని చెప్పాడు. రెండేళ్ళ లోపు ఆ ఒక్క అడ్డాలోనే 5 లక్షల డాలర్లకి పైగా లాభం వచ్చిందని లెక్క చెప్పాడు. మరి అడ్డా కపోన్‌దేనా? దానికి ఇంకో సాక్షి దొరికాడు. 1925లో ఒక పాస్టరు ఊరివాళ్ళని వెంటబెట్టుకుని అదే అడ్డా మీద దాడి చేయించాడు. అప్పుడు కపోన్ నిద్రమంచం మీద నుంచి లేచి, పైజామా మీద కోటు వేసుకుని పరుగెత్తుకొచ్చి, దాడికి వచ్చినవాళ్ళలో తలుపు దగ్గర కాపలా ఉన్న మనిషితో ఈ అడ్డా నాదే అన్నాడు. కోపంలో వచ్చిన మాట. ఆరేళ్ళ తర్వాత ఆ మనిషి కోర్టుకొచ్చి ఆ మాట చెప్పాడు. మా కొట్టు యజమాని "నాకు తెలీదండీ" అన్నాడు. కపోన్ నాదే అన్నాడు. యజమాని నోటి నుంచి ఆ ఒక్క మాట రావడం ఎంత అరుదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంకో ఆధారం కపోన్ సొంత పన్ను లాయరు రాసిన ఉత్తరం. రాజీ చేసుకుందామని 1930లో పన్ను శాఖకి రాస్తూ, 1928, 1929ల్లో తన క్లయింటు ఆదాయం ఏడాదికి లక్ష డాలర్లు మించదని అందులో పెట్టాడు. మించదు అంటే ఉన్నట్టే కదా! దీన్ని సాక్ష్యంగా తీసుకోవడం న్యాయమా కాదా అన్నది లాయర్లు ఈరోజుకీ వాదించుకోవచ్చు. రాజీ కోసం చెప్పిన మాటని మెడకి చుట్టడం నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది. అలాగే విచారణకి ముందు, 1931 జూన్‌లో కపోన్ నేరం ఒప్పుకుని రెండున్నరేళ్ళ శిక్షతో బయటపడాలని బేరం కుదుర్చుకుంటే, జడ్జి నాతో ఎవరూ బేరమాడలేరని చెప్పేశాడు. దాంతో ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. జడ్జి చేసింది సరైనదేనని నా అభిప్రాయం. అక్టోబర్ 17 రాత్రి జ్యూరీ 23 నేరాల్లో ఐదింటికి దోషి అంది. వారం తర్వాత 11 ఏళ్ళ జైలు, 50,000 డాలర్ల జరిమానా. విచారణ జరుగుతుండగా కపోన్ అంగరక్షకుడు కోర్టులో తుపాకీతో దొరికి తనూ జైలుకెళ్ళాడు. షమ్‌వే బోనులో నిలబడ్డప్పుడు ఆ గదిలో గాలి ఎలా ఉండి ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

నా స్నేహితుడి మాటలో ఒక ముక్క మాత్రం నేను కొట్టెయ్యలేను. ఆ గ్యారేజీలో చచ్చిన ఏడుగురి ఇంటివాళ్ళకి ఏం దొరికింది? 1925, 1926, 1927ల్లో పన్ను ఎగ్గొట్టాడు, తర్వాత రెండేళ్ళు రిటర్నులు వెయ్యలేదు అన్న తీర్పు. వాళ్ళ మనుషుల పేర్లు ఆ తీర్పులో లేవు. పన్ను కేసుకి శవం అక్కర్లేదు, అదే దాని బలం, అదే దాని లోటు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎవరిదైనా లెక్క తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది కాబట్టి, ఈ ఆయుధం గిట్టనివాళ్ళ మీదకి తిప్పడం ప్రభుత్వాలకి చాలా తేలిక. ఇది నేను ఏ పార్టీనీ దృష్టిలో పెట్టుకుని అనడం లేదు, అధికారంలో ఎవరున్నా ఆ ఆశ ఉంటుంది. అందుకే ఫలానావాడి మీద ఎందుకు పడ్డారు అనే ప్రశ్న ప్రతిసారీ అడగాలి. అడిగి, జవాబు సరిగ్గా ఉంటే పడనివ్వాలి.

ఇటలీ, ఐర్లండ్ ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్ళాయి. సిసిలీలో మాఫియాతో పోరాడిన జడ్జి జొవాన్ని ఫల్కోనే అంతకుముందు దివాలా కేసులు చూసేవాడు. బ్యాలెన్స్ షీట్లు చదవడం అక్కడ అలవాటైంది. మాఫియా కేసుల్లోకి వచ్చాక బ్యాంకుల నుంచి చెక్కులు తెప్పించుకుని, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళాయో తన చేత్తో రాసుకుంటూ పోయాడు. 1992 మే 23న అతని కారు వెళ్తున్న రోడ్డునే పేల్చేశారు. ఐర్లండ్‌లో 1996లో వెరోనికా గెరిన్ అనే జర్నలిస్టుని కాల్చి చంపాక, పోలీసుల్ని, పన్ను అధికారుల్ని, సంక్షేమ శాఖ వాళ్ళని ఒకేచోట కూర్చోబెట్టి క్రిమినల్ అసెట్స్ బ్యూరో పెట్టారు. నాకు బాగా నచ్చినదేంటంటే, అందులో పనిచేసే అధికారుల పేర్లు బయటికి రాకుండా చట్టంలోనే రాశారు. ఊరికే రాయలేదు. అంతకు ఏడేళ్ళ ముందు ఒక ముఠా నాయకుడికి భృతి ఆపినందుకు సంక్షేమ శాఖ అధికారి ఒకర్ని ఎత్తుకెళ్ళి కాళ్ళ మీద కాల్చారు. కాగితం మీద సంతకం పెట్టడమే అతను చేసిన తప్పు.

మన దగ్గర కూడా దొంగ సంపాదన మీద పన్నుంది. ఒక పాత కేసు చెప్తాను. 1958లో పాకిస్తాన్ సరిహద్దు దాటుతూ ఒకతను 65,500 రూపాయల నోట్లతో దొరికాడు. అటు వెళ్ళి బంగారం కొనుక్కురావడం అతని వ్యాపారం. నోట్లు ప్రభుత్వం జప్తు చేసింది, పన్ను శాఖ అందులో ఎక్కువ భాగాన్ని అతని ఆదాయంగా లెక్కగట్టింది. అతను, సరే నాది స్మగ్లింగ్ వ్యాపారమే అంటున్నారు కదా, జప్తయిన డబ్బు ఆ వ్యాపారంలో వచ్చిన నష్టం, దాన్ని తీసేసి పన్ను వెయ్యండి అన్నాడు. 1980లో సుప్రీంకోర్టు అవునంది. చదివినప్పుడు మీకు కోపం రావచ్చు. నాకు మాత్రం ఆ తీర్పు మీద గౌరవమే కలిగింది. లెక్క అంటే లెక్కే, జమ రాసినప్పుడు ఖర్చు కూడా రాయాలి, దొంగ అయినా దొర అయినా. ఆ తర్వాత 1998లో, నేరం కోసం పెట్టిన ఖర్చు ఆదాయంలోంచి తగ్గించడానికి వీల్లేదని చట్టంలో వివరణ చేర్చారు.

ఇప్పుడు లెడ్జర్లు లేవు, దస్తూరీ లేదు. అంతా కంప్యూటరే. కానీ గుమాస్తా స్థానంలో ఎవరొచ్చారో చూస్తున్నారా? ఆటో డ్రైవరుకి, తాపీమేస్త్రీకి, దినకూలీకి కోట్ల రూపాయల పన్ను కట్టమని నోటీసు వచ్చిందని పేపర్లో తరచూ చదువుతూనే ఉన్నాం. లోన్ ఇప్పిస్తామనో ఉద్యోగమనో చెప్పి ఆధార్, పాన్ తీసుకుని అతని పేరు మీద కంపెనీ పెడతారు, సరుకు లేకుండా జీఎస్టీ బిల్లులు పుట్టిస్తారు, డబ్బు అతని ఖాతాలోంచి వచ్చి వెళ్ళిపోతుంది. నోటీసు వచ్చేనాటికి నడిపినవాడు ఎక్కడున్నాడో తెలీదు. ఆ కూలీ తను కనీసం ఒక్క పద్దు కూడా రాయలేదు. మా నాన్న రాత అయినా ఆయనది.

మంచి థ్రిల్లర్ రాయాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అక్కడి నుంచి మొదలుపెట్టండి. నోటీసు అందుకున్న మనిషి దగ్గర, లేదా రెండో పుస్తకం రాస్తున్న మనిషి దగ్గర. డాన్ ఒకవైపు, ఆఫీసరు ఒకవైపు, ఇద్దరికీ అతనే కావాలి. ఒకడు నోరు మూసుకోమంటాడు, ఇంకొకడు విప్పమంటాడు. ఇద్దరి దగ్గరా బలముంది, అతని దగ్గర ఒక పెన్ను ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. ఇంతకన్నా టెన్షన్ ఇంకెక్కడుంటుంది?

పోయిన నెల నాన్నకి ఈ కథంతా చెప్పాను. ఆయనకిప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు, చూపు తగ్గింది, కానీ పాలవాడి లెక్క ఇంకా తనే రాస్తాడు. ఏడు మీద అడ్డగీత మానేసి చాలా ఏళ్ళయింది, ఎప్పుడు మానేశాడో మేమెవరం గమనించలేదు. వసారాలో మంచం మీద కూర్చుని మూటలో లెడ్జర్లు దొరకడం, బ్యాంకు కాగితం మీద రాత కలవడం, పందెం మైదానంలో విల్సన్ చెప్పిన మాటలు, అన్నీ మాట్లాడకుండా విన్నాడు. షమ్‌వే బోనెక్కి ఇది నా రాతే అని చెప్పాడని చెప్పినప్పుడు మాత్రం కొంచెం ముందుకి వంగాడు.

"యజమాని అక్కడే ఉన్నాడా, చెప్పేటప్పుడు?" అని అడిగాడు.

"ఉన్నాడు నాన్నా. ఎదురుగానే కూర్చున్నాడు."

"అయినా చెప్పాడా?"

"చెప్పాడు."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాల చీటీ తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆ పూట లెక్క రాసుకున్నాడు.